కంచు బిళ్ల మీది సిపాయి పేరు

త్రిశూలం పట్టుకుని నిలబడిన స్త్రీ, ఆమె పక్కనే సింహం. గుండ్రటి కంచు బిళ్ల, అరచేతిలో పెడితే చెయ్యి నిండిపోతుంది. అంచు చుట్టూ ఇంగ్లిష్ అక్షరాలు. మన ఇళ్లలో ఇలాంటిది బయటపడితే ముందు దుర్గమ్మే గుర్తొస్తుంది. అమ్మవారనుకుని దేవుడి గూట్లో పెట్టి, పండక్కోసారి చింతపండుతో తోముకుంటూ పోవడం చాలా తేలిక. ఆ త్రిశూలం బ్రిటన్‌కు ప్రతీక అయిన బ్రిటానియాది. ఆమె చాచిన చేతిలో ఆకుల దండ ఉంటుంది. దండ కింద దీర్ఘచతురస్రపు గడి, ఆ గడిలో ఒక మనిషి పేరు. అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఒక సిపాయి పేరు. తోమిన ప్రతిసారీ కాస్త కాస్తగా అరిగిపోయేది ఆ పేరే.

దీన్ని బ్రిటిష్ ప్రభుత్వం మృతుల దగ్గరి బంధువులకు పంపింది. జనం పెట్టుకున్న పేరు ‘డెడ్ మ్యాన్స్ పెన్నీ’, అంటే చనిపోయినవాడి పెన్నీ. ఆనాటి కంచు పెన్నీ నాణేన్ని పెద్దది చేస్తే ఇలాగే ఉంటుందని ఆ పేరు వచ్చింది. కొడుకు పోయిన ఇంటికి ఇదొక్కటే వచ్చిందన్న బాధ కూడా ఆ మాటలో ఉంది.

ఆలోచన మొదలైంది 1916 అక్టోబరులో. అందుకోసం ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1917 ఆగస్టులో నమూనాలకు పోటీ ప్రకటించారు. మైనంతోనో ప్లాస్టర్‌తోనో చేసి పంపాలి, ‘అతడు స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం మరణించాడు’ అనే ఇంగ్లిష్ వాక్యం తప్పనిసరిగా ఉండాలి, పేరుకు చోటు వదలాలి. 800కు పైగా నమూనాలు వచ్చాయి. యుద్ధరంగాల్లో ఉన్న సైనికులు పంపినవి కూడా అందులో ఉన్నాయి. 1918 మార్చిలో ఫలితం ప్రకటించారు. లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ గెలిచాడు, 250 పౌండ్ల బహుమతి. పోటీలో ఆయన వాడిన మారుపేరు ‘పిరమస్’. ఇ, సి, ఆర్, పి అనే ఆయన పొడి అక్షరాలు సింహం ముందు కాలి పైన సన్నగా కనిపిస్తాయి. బ్రిటానియాకు రెండు వైపులా ఒక్కో డాల్ఫిన్, అవి నౌకాబలానికి గుర్తు. అడుగున చిన్న గదిలాంటి చోట ఇంకో సింహం ఒక గద్దను చీలుస్తుంటుంది. ఆ గద్ద జర్మనీ.

గడిలో పేరు తప్ప ఇంకేమీ ఉండదు. హోదా లేదు, నంబరు లేదు, రెజిమెంటు లేదు. ఇది మరిచిపోయి వదిలేసినది కాదు. జనరల్ ప్రాణమైనా కూలి సిపాయి ప్రాణమైనా త్యాగం ఒక్కటేనని, అందరి బిళ్లా ఒకేలా ఉండాలని తీసుకున్న నిర్ణయం. ఆ యుద్ధం నుంచి మిగిలిన అధికారిక వస్తువుల్లో ఇంత నిజాయితీ ఉన్నది అరుదు. 1914 ఆగస్టు 4 తర్వాత మరణించినవారికి ఇచ్చారు. కొన్ని రంగాలకు 1920 ఏప్రిల్ 30 వరకూ గడువు ఉంచారు. యుద్ధం ఆగాక గాయాలతో, జబ్బులతో పోయినవారూ అలా ఇందులోకి వచ్చారు. సైనిక కోర్టు తీర్పుతో కాల్చి చంపిన సిపాయిలకు మాత్రం ఇవ్వలేదు. అందరూ సమానమన్న మాట అక్కడ ఆగిపోయింది.

సుమారు 13,55,000 బిళ్లలు పోత పోశారు. అందుకు 450 టన్నుల కంచు పట్టింది. భాగిస్తే ఒక్కోటి దాదాపు 330 గ్రాములు. ఈ అంకె గుర్తుంచుకోండి, అసలుదో కాదో తేల్చేటప్పుడు పనికొస్తుంది.

తయారీ 1918 డిసెంబరులో లండన్‌లోని ఆక్టన్‌లో మొదలైంది. 1920 డిసెంబరులో ఊల్‌విచ్ ఆయుధ కర్మాగారానికి మారింది. ఎక్కడ పోసినదో బిళ్లే చెబుతుంది. వెనక వైపు చిన్న వలయంలో డబ్ల్యూ, ఏ కలిసిపోయిన ముద్ర ఉంటే ఊల్‌విచ్‌ది. ముందు వైపు సింహం వెనక కాలి దగ్గర ఒకటి రెండు అంకెల చిన్న నంబరు ఉండొచ్చు. ఆక్టన్ తొలి బిళ్లలకు నంబరే లేదు, తర్వాతివాటికి కాలి వెనక పడింది. ఊల్‌విచ్ వాటిలో తోకకూ కాలికీ మధ్య ఉంటుంది. చాలామంది దీన్ని సిపాయి నంబరనుకుని రికార్డుల్లో వెతుకుతూ రోజులు పోగొట్టుకుంటారు. అది కర్మాగారం వాళ్లు తమ లెక్క కోసం వేసుకున్న గుర్తు, మనిషికి సంబంధం లేదు.

వాక్యం మొదట్లో ‘హి’ అన్న మాటలోని హెచ్ అక్షరాన్ని కూడా చూడండి. కొన్నిటిలో పక్క అక్షరాలంత వెడల్పుగా, కొన్నిటిలో సన్నగా ఉంటుంది. యుద్ధసేవలో చనిపోయిన స్త్రీల కోసం ‘షి’ అని మార్చాల్సి వచ్చినప్పుడు ముందు ఎస్ పట్టడానికి హెచ్‌ను సన్నం చేశారు. స్త్రీలకు కావలసినవి పోశాక ఎస్ తీసేసి అదే అచ్చుతో మళ్లీ మగవారివి పోశారు. ఆ సన్న హెచ్ అలాగే ఉండిపోయింది. స్త్రీలకు అందినవి 600 వరకే, అందుకే ‘షి’ బిళ్లలకు నకిలీలు ఎక్కువ.

నకిలీ పట్టుకోవడానికి వర్నియర్ కాలిపర్, వంటింటి తూకం, భూతద్దం, అయస్కాంతం చాలు. అసలు బిళ్ల అడ్డుకొలత 120 మిల్లీమీటర్లు, అటూ ఇటూ అర మిల్లీమీటరు తేడా మామూలే. అసలుదాని మీద అచ్చు తీసి కొత్తగా పోస్తే లోహం చల్లారేటప్పుడు ఒకటిన్నర నుంచి రెండు శాతం కుంచించుకుపోతుంది. అందుకే నకలు 118 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దాని మీద శిల్పి పొడి అక్షరాలు మొద్దుబారి, నేల భాగంలో, అంటే బొమ్మల చుట్టూ ఉన్న చదును చోట, సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడక్కర్లేదు.

నకిలీ కంటే ఘోరమైనది ఇంకోటుంది. బిళ్ల అసలుదే, పేరు మార్చేస్తారు. ఎక్కువ ధర పలికే పేరు కోసం గడిలోని పేరును ఆకురాయితో అరగదీసి కొత్త పేరు వేస్తారు. కనిపెట్టడం కష్టం కాదు. ప్రతి పేరునూ బిళ్లతో పాటే పోత పోశారు, కాబట్టి అక్షరాలు నేల నుంచి ఉబ్బి ఉండాలి, వాటి పాదాల దగ్గర సన్నని గీతలాంటి అతుకు ఉండకూడదు. చెక్కినట్టు లోపలికి ఉంటే మార్చినదే. గడిలోపలి నేల పక్క నేలకంటే పల్లంగా ఉన్నా, ఒకే దిక్కుకు ఆకురాతి గీతలు కనిపించినా, గడి అంచు ఒక వైపు పలచబడినా అనుమానించాలి. పొడవాటి పేర్లలో అక్షరాలు ఇరుకుగా ఉండటం మాత్రం సహజం. గడి వెడల్పు మారదు, పేరే సర్దుకోవాలి. ఒక మనిషి పేరు గీకేసి ఇంకొకరిది పెట్టడమంటే ఆ మొదటి మనిషిని రెండోసారి చంపినట్టే. అలాంటివి చవగ్గా దొరికినా కొనకండి.

బెజ్జాలున్నవాటిని చూసి మాత్రం మొహం తిప్పుకోవద్దు. గోడకో సమాధికో బిగించుకోవడానికి కుటుంబాలే బెజ్జాలు పెట్టుకున్నాయి. ధర తగ్గుతుందేమో కానీ అది కూడా ఆ ఇంటి చరిత్రే. పూడ్చే ప్రయత్నం చేయకండి.

ఇక మనిషిని వెతకడం. బిళ్ల ఒక్కటే వస్తే కష్టం, జతగా వచ్చినవి ఉంటే సగం పని అయిపోయినట్టే. బిళ్లతో పాటు ఇంటికి రాజు ఐదో జార్జి సంతకం అచ్చువేసిన చిన్న ఉత్తరం వచ్చేది. విడిగా ఒక అట్టగొట్టంలో ప్రశంసాపత్రం వచ్చేది, సుమారు 27 సెంటీమీటర్ల పొడవు, 17 వెడల్పు. దాని మాటలు కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీకి చెందిన ఎం. ఆర్. జేమ్స్ రాసినవి. బిళ్ల మీద లేనివన్నీ ఆ కాగితం అడుగున చేత్తో రాసి ఉంటాయి: హోదా, పేరు, రెజిమెంటు. అందుకే బిళ్లను ఒకరు, కాగితాన్ని ఇంకొకరు పంచుకోవడం పెద్ద నష్టం. వాటాల్లో ఇది విడిపోకూడదు. పతకాలుంటే వాటి అంచును భూతద్దంతో చూడండి. 36 మిల్లీమీటర్ల బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం పొట్టి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. సాధారణంగా అది వెండిది. కంచుది దొరికితే ఆ మనిషి తుపాకీ పట్టిన సిపాయి కాకుండా, దళంతో వెళ్లిన సహాయకుల్లో ఒకడై ఉంటాడు: నీళ్లు మోసేవాడో, కంచరగాడిదలు తోలేవాడో, వంటవాడో.

బ్రిటిష్ సైనికుల్లో పేరూ ఇంటిపేరూ కలిసి ఒకే మనిషి దగ్గరకు చేరుస్తాయి. మన సిపాయిల్లో అలా కాదు. గడిలో చాలాసార్లు ఒకే మాట ఉంటుంది, తండ్రి పేరు లేదు, ఊరు లేదు. అందరినీ సమానం చేద్దామని హోదా తీసేసిన ఆ నిర్ణయమే మన వాళ్ల విషయంలో మనిషిని గుర్తుపట్టలేకుండా చేసింది. ఒకే పేరున్న మృతులు పదుల మంది ఉంటారు. ఆ యుద్ధంలో భారత సైన్యం మృతులు దాదాపు 74,000.

వెతకాల్సిన మొదటి చోటు, యుద్ధ మృతుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులు. ఆన్‌లైన్‌లో ఉచితం. భారతీయ సిపాయిల వివరాల్లో చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా రాసి ఉంటాయి, బిళ్ల మీద లేనిది అక్కడ దొరుకుతుంది. వెతికేటప్పుడు ఒంటి పేరును ఇంటిపేరు గడిలో వేసి, మొదటి పేరు ఖాళీగా వదలండి. రెండు గడుల్లోనూ వేస్తే ఏమీ రాదు. అసలు చిక్కు స్పెల్లింగు. రెజిమెంటు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. వెంకటస్వామి అనే పేరునే తీసుకోండి. స్వామి, సామి అవుతుంది. వి బదులు బి పడొచ్చు. క కోసం కె రాయొచ్చు, పాత పద్ధతిలో సి రాయొచ్చు. చివరి ఇ కోసం ఐ, వై, రెండు ఇ లు, మూడూ కనిపిస్తాయి. ఇవన్నీ కాగితం మీద వేసుకుని, ఒక్కో రూపంతో విడిగా వెతకాలి. అయ్యతో ముగిసే పేర్లకు చివర ‘య్య’ ఎలా రాశారన్నదే నాలుగైదు రూపాలిస్తుంది. పేరు మొత్తం కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికితే సగం శ్రమ తగ్గుతుంది.

దళం తెలిస్తే స్థలం కూడా ఊహించవచ్చు. పాత మద్రాసు సైన్యానికి చెందిన 61వ పయనీర్స్, 63వ పాళయంకోట దళం 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలో టాంగా దాడికి వెళ్లాయి. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల కంపెనీలు మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పనిచేశాయి. సమాధి తెలియని మెసొపొటేమియా మృతులకు బస్రా స్మారకం, ఫ్రాన్స్‌లో పోయినవారికి 1927లో ఆవిష్కరించిన నవ్ షపెల్ స్మారకం, అందులో 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు. ఢిల్లీ ఇండియా గేట్ మీద 13,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికలో 1914–1918 మృతులకు వేరే స్మారకం ఉంది.

రాతి మీద వెతికితే దొరక్కపోవచ్చు, దానికి కారణం మన వెతుకులాట కాదు. బస్రా గోడ మీద భారత దళాల కింద అధికారుల పేర్లు చెక్కారు, సిపాయిలను మాత్రం ‘ఇంకా ఇంతమంది’ అని అంకెలో ముగించారు. 2021లో కమిషన్ తానే వేయించిన విచారణ నివేదిక దీన్ని ఒప్పుకుంది: ఆసియా, ఆఫ్రికా మృతుల్లో 45,000 నుంచి 54,000 మందికి సమాన స్మరణ దక్కలేదు, కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణే లేదు, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చు. గోడ మీద పేరు లేని ఒక సిపాయి పేరు లోహం మీద మిగిలింది ఈ బిళ్ల ఒక్కదాని మీదే కావచ్చు.

అంకెలు మాత్రమే చెప్పే ఫలకాలు మన దేశంలోనే ఉన్నాయి. యుద్ధం అయ్యాక ఎక్కువమంది సైన్యంలో చేరిన ఊళ్లలో ప్రభుత్వం చిన్న రాతిపలకలు పెట్టించింది. పంజాబ్‌లోనూ, మహారాష్ట్రలోనూ, పాత మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లోనూ ఇవి కనిపిస్తాయి. రాసినదంతా రెండు వాక్యాలే: ‘ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, 1914–1919. వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు.’ కింద ఒక్క పేరూ ఉండదు. కంచు బిళ్లలో పేరుంది, ఊరు లేదు. రాతిపలకలో ఊరుంది, పేరు లేదు. కమిషన్ రికార్డులో ఊరి పేరుతో వెతికి ఈ రెంటినీ కలిపితేనే మనుషులు తేలతారు.

అలాంటి పలకల మీద సున్నం, పెయింటు పొరలు పేరుకుని ఉంటాయి. చలువరాయి అయితే యాసిడ్ చుక్క కూడా తగలనివ్వకండి. బాత్రూమ్ యాసిడ్ పోస్తే రాయి నురగ కట్టి కరిగిపోతుంది, దాంతో అక్షరాల అంచులు పోతాయి. వైరు బ్రష్షూ వద్దు, చుట్టూ సిమెంటు మెత్తవద్దు. సిమెంటులోని లవణాలు రాయిలోకి దిగి పెచ్చులూడిస్తాయి. చదవడానికి పొద్దు వాలాక టార్చి తీసుకెళ్లండి. రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వెలుగు వేస్తే, పగలు కనిపించని అక్షరాల నీడలు లేస్తాయి. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు తీయండి, ఫ్లాష్ ఆపేసి.

అరిగిన బిళ్లకూ ఇదే ఉపాయం. ఒక అక్షరం తల, ఇంకో అక్షరం కాలు కనిపించినా చాలు. పేరు గడిలో మధ్యకు వచ్చేలా పోశారు కాబట్టి మిగిలిన అక్షరాల వెడల్పు కొలిచి, రెండు పక్కలా ఎన్ని పోయాయో అంచనా కట్టవచ్చు. ఎనిమిది అక్షరాల పేరా, పదకొండా అన్నది తెలిస్తే రికార్డుల్లో వెతకాల్సిన పేర్లు బాగా తగ్గుతాయి.

ఇప్పుడు తోమడం సంగతి. అసలు బిళ్ల రంగు చాక్లెట్ లాంటి ముదురు గోధుమ. అది మురికి కాదు, లోహాన్ని కాపాడే పొర. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, బ్రాసో, అన్నీ చేసేది ఆ పొరను కరిగించడమో గీకడమో. పచ్చి లోహం బయటపడుతుంది, నెల తిరక్కుండా నల్లబడుతుంది, మళ్లీ తోముతారు. ఉబ్బెత్తుగా ఉన్నదే ముందు అరుగుతుంది: బ్రిటానియా ముక్కు, సింహం జూలు, పేరు. చింతపండులో ఉప్పు కలిపి తోమితే ఇంకా ప్రమాదం. ఉప్పులోని క్లోరైడ్ సందుల్లో చిక్కుకుని, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని లోపలి నుంచి తింటుంది. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా బయటికొస్తుంది. అదీ మామూలు చిలుమూ ఒకటి కావు. చిలుము గట్టిగా, ముదురుగా అంటుకుని ఉంటుంది. ఈ పొడి వేలితో రాలిపోతుంది, తుడిస్తే కొన్నాళ్లకు అదే చోట మళ్లీ వస్తుంది. అలా వస్తుంటే కడగవద్దు, మైనం పూయవద్దు, పొడి డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి మ్యూజియం సంరక్షకులకు చూపించండి. దేవుడి గూట్లో ఉన్నవాటికి నూనె, కుంకుమ పట్టి ఆకుపచ్చ జిగురు చేరుతుంది. నూనెలోని ఆమ్లాలు రాగితో కలిసి అలా అవుతాయి.

ఏ జబ్బూ లేని బిళ్లకు చేయాల్సింది తక్కువ. ముందు రెండు వైపులా ఫొటోలు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. జిడ్డుంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగైదు చుక్కల వాసన లేని తటస్థ డిటర్జెంట్ వేసి, దూదిపుల్లతో కొంచెం కొంచెం చోటే తుడవండి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవాలి. నూలుగుడ్డతో అద్ది, ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి, అక్షరాల సందుల్లో తడి ఉండిపోతే అక్కడే చుక్కలు మొదలవుతాయి. ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం బఠాణీ గింజంత తీసుకుని పలచగా పూసి, ఇరవై నిమిషాల తర్వాత మెత్తని గుడ్డతో మెరిపించండి. ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి చాలు. ఎక్కువ పూస్తే పేరు చుట్టూ తెల్లగా గడ్డకట్టి, దాన్ని తీయడానికి మళ్లీ గీకాల్సి వస్తుంది. ఇకపై వట్టి చేత్తో పట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పే ఉంటుంది.

దాచేటప్పుడు మెత్తని ప్లాస్టిక్ కవర్లు వద్దు. పీవీసీ అయితే కాలం గడిచే కొద్దీ ఆమ్లం వదులుతుంది. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ గంధకం వల్ల నల్ల గీతలు వేస్తాయి. పచ్చి చెక్క పెట్టె కూడా ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పాలిథీన్ సంచీ, ఆమ్లం లేని కాగితం, మూత బిగిసే డబ్బా చాలు. ప్రశంసాపత్రాన్ని మడవకుండా విడిగా పాలిస్టర్ కవరులో ఉంచండి. చుట్టుకుపోయి ఉంటే బలవంతంగా విప్పకండి, పగుళ్లు సరిగ్గా పేరున్న చోటే పడొచ్చు.

బిళ్ల వెనక మార్కర్‌తో ఏమీ రాయవద్దు. డబ్బాలో ఒక చీటీ పెట్టండి, పెన్సిల్‌తో రాసి: గడిలోని పేరు అక్షరం అక్షరంగా, తండ్రి పేరు, ఊరు, దళం, చనిపోయిన తేదీ, ఏ స్మారకం మీద ఉన్నాడు, ఈ బిళ్ల ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. తెలియని చోట గీత గీసి ఖాళీ వదలండి, తర్వాత ఎవరికైనా దొరికితే రాస్తారు.